బెండుబల్లా, మొలతాడూ

మా ఆయన మొలతాడు నేనే పేనేదాన్ని. కొట్లో కొన్నవి ఆయనకి ఆగేవి కావు. సైకిల్ షాపులో పొద్దస్తమానం వంగి లేచే పని, ఆపైన కాలువలో ఈత. నెల తిరక్కుండా తాడు తెగేది. తెగినప్పుడల్లా మా అత్తగారు ఇల్లు పీకి పందిరేసేది.

"పెళ్లాం నిక్షేపంలా ఉండగా బోసి మొలతో తిరుగుతావేంట్రా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?" అని కొడుకుని గుమ్మం దాటనిచ్చేది కాదు.

మా వైపు భార్య పోతే మగవాడికి మొలతాడు తెంచేస్తారు. మళ్లీ పెళ్లయితేనే మళ్లీ తాడు. అందుకని మా అత్తగారి దృష్టిలో మొలతాడు లేని మగవాడంటే పెళ్లాం పోయినవాడే. ఆ పోయినదాన్ని నేను. ఎదురుగా నిలబడి అట్లు పోస్తున్నా సరే, పోయినట్టే. ఈ గొడవ పడలేక ఒకరోజు నల్ల నూలు తెప్పించి, పేటల మీద పేటలు వేసి, గట్టిగా పురిపెట్టి ఒక తాడు పేనాను. దానికి మా అత్తగారు వెండి తాయెత్తు ఒకటి ఎక్కించింది. "ఏనుగు లాగినా తెగదిది" అన్నాను నేను గొప్పగా. ఆ గొప్ప ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను.

మా కాపురం తెనాలిలో. నా పుట్టిల్లు రేపల్లె. అరవైల చివరి సంవత్సరాలవి. కాలువ పక్కనే మా ఆయన షాపు. పంక్చర్లు వేయడం, అద్దెకి సైకిళ్లు ఇవ్వడం ఆయన పని. కాలువలో పడిన వస్తువులు తీసిపెట్టడం పని కాని పని. బిందె జారిపోయినా, ఎవరి చేతి గడియారం పడిపోయినా ఆయన కోసం పరిగెత్తుకొచ్చేవాళ్లు. సగం వేసిన పంక్చరు అలాగే వదిలేసి వెళ్లి దూకేవాడు. సైకిలు తెచ్చినవాడు నా దగ్గరికొచ్చి, "మీ ఆయన నీళ్లలో ఉన్నాడండి, నా ట్యూబు బయట ఉందండి" అని గోల పెట్టేవాడు. నేనేం చెయ్యను?

అలాంటి మనిషికి పాత కాగితాల కొట్లో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. అందులో ఒక బొమ్మ. ఎవరో దొర, మొహానికి గుండ్రటి అద్దం కట్టుకుని నీటి అడుగున ఈదుతున్నాడు. చేతిలో పొడుగాటి బల్లెం. బల్లెం కొసన చేప. నీటి పైన ఒక బల్ల తేలుతోంది, బల్ల మీద జెండా, బల్లకీ దొరకీ మధ్య ఒక తాడు. ఆ బొమ్మ చూసిన దగ్గర్నుంచి మా ఆయన మనిషి మనిషిలో లేడు. కంచం ముందు కూర్చుని మజ్జిగన్నంలో వేలితో బల్ల గీసేవాడు.

"చేపలు కావాలంటే బజార్లో దొరకవా?" అన్నాను.

"చచ్చిన చేప దొరుకుతుంది" అన్నాడు.

"మీరు మాత్రం వండుకోడానికి బతికిన చేప తెస్తారా ఏంటి?"

"నీకు చెప్పినా అర్థం కాదులే" అన్నాడు. ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. అప్పుడే తీర్మానించుకున్నాను, ఈ మనిషి ఎక్కడికెళ్తే అక్కడికి నేనూ వెళ్లి ఒడ్డున కూర్చుంటాను, ఒంటరిగా మాత్రం నీళ్లలోకి పోనివ్వను అని. సముద్రమంటే నాకు భయం. అప్పటికి పిల్లలు లేరు. ఆయనకి ఏమైనా అయితే నాకు మిగిలేది ఏమీ లేదు. అందుకే ఆ పిచ్చిలో నేను కూడా దూరాను.

అద్దం ఆయనే చేసుకున్నాడు. లారీ ట్యూబు ముక్క గుండ్రంగా కోసి, అందులో కిటికీ అద్దం బిగించి, పంక్చరు సొల్యూషను పూసి, సైకిల్ ట్యూబుతో తలకి పట్టీ పెట్టాడు. తగిలించుకుని నా ముందు నిలబడ్డాడు. "కప్పలా ఉన్నారు" అన్నాను. మా అత్తగారు పక్క గదిలోంచి వచ్చి చూసి కెవ్వున అరిచింది.

బల్లెం మాత్రం పక్క షాపు భాయ్ చేశాడు. ఆయనది వెల్డింగు పని. సన్నటి ఇనుప ఊచని సాపు చేసి, మొన సాగగొట్టి, చేప జారిపోకుండా వెనక్కి వంగిన ముల్లు పెట్టాడు. ఊచ వెనక చివర సైకిల్ ట్యూబు రబ్బరు ఉచ్చులా కట్టుకుంటే, దాన్ని బొటనవేలికి తగిలించి లాగి వదలాలి. పిట్టల్ని కొట్టే క్యాటర్‌బాల్ లాంటిదే. బల్లెం ఇస్తూ భాయ్ ఒక కత్తి కూడా చేతిలో పెట్టాడు. లారీ కమాను ముక్కని అరగదీసి చేసిన కత్తి.

"ఇది నేను అడగలేదు కదా భాయ్" అన్నాడు మా ఆయన.

"నువ్వడగలేదన్నా, నేనే ఇస్తున్నా. నీళ్లలోకి పోయేవాడివి, ఒంటిమీద ఒక కత్తి ఉండనీ. ఏం లేకపోతే చేపైనా కోసుకుంటావు."

ఆ కత్తికి నేను ఖాకీ గుడ్డతో సంచి కుట్టి, పిక్కకి కట్టుకునేలా నాడాలు పెట్టాను. మా ఇంట్లో కుట్టుమిషను ఉండేది. జాకెట్లు కుట్టే మిషను మీద ఆ రోజుల్లో నేనేమేం కుట్టానో చెబితే నవ్వుతారు.

ఇక బల్ల. హోటళ్లకి టీపొడి వచ్చే చెక్కపెట్టెలు ఉంటాయి చూడండి, తేలిగ్గా ఉంటాయి, వాటి చెక్కలు రెండు తీసుకున్నాడు. ఆ రెండు చెక్కల మధ్య ఏదైనా తేలేది కూరాలి. ట్యూబు పెడదామంటే ముల్లు గుచ్చుకుంటే అంతే సంగతులు. "బెండు పెట్టండి" అన్నది నేనే. రేపల్లెలో మా చేల పక్కన గుంటల నిండా జీలుగే. ఎండబెడితే దాని బెండు చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక. మా నాన్నకి కబురు పెట్టాను. బెండ్లు మోపులు కట్టి రేపల్లె పాసింజరులో తెచ్చి దింపాడు. దింపి, మొహమంతా నవ్వుతో అడిగాడు, "ఎవరికమ్మా పెళ్లి?" అని. మరి జీలుగు బెండుతో మేం చేసేది పెళ్లి బాసికాలే కదా. ఇన్ని మోపులు కావాలన్నామంటే ఊరందరికీ పెళ్లి అనుకున్నాడు కాబోలు. సంగతి చెబితే నవ్వంతా పోయింది. "అల్లుడుగారూ, మీకు షాపు బానే నడుస్తోందా?" అని అడిగాడు. ఏ బాధ లేనివాడు ఇలాంటి పని చేయడని మా నాన్న నమ్మకం.

రెండు చెక్కల మధ్య బెండ్లు పేర్చి, చుట్టూ లారీ మీద కప్పే టార్పాలిను గుడ్డ తొడిగాను. కుట్టలేక మిషను సూదులు విరిగాయి, చివరికి దబ్బనంతో చేత్తో కుట్టాను. కుట్ల మీద ఆయన తారు పూశాడు. పైన సైకిల్ క్యారేజీ ఒకటి బిగించాడు, బల్లెం పెట్టుకోడానికట, నీళ్ల సీసా పెట్టుకోడానికట. జెండాకి గొడుగు పుల్ల. గుడ్డ నా ఎర్ర జాకెట్టు ముక్క. ఇవన్నీ సరే, ముందు వైపు ఒక సైకిలు బెల్లు కూడా బిగించాడు.

"సముద్రంలో మీకు ఎవరు అడ్డొస్తారండీ?"

"ఉండనీవే. అందంగా ఉంటుంది."

సంగం జాగర్లమూడి దగ్గర కాలువలో మొదటిసారి వేసి చూశాం. గట్టు మీద జనం తిరనాళ్లకి వచ్చినట్టు పోగయ్యారు. బల్ల బ్రహ్మాండంగా తేలింది. మా ఆయన దాని మీద రెండు చేతులూ వేసి వాలగానే తిరగబడి, జెండా కిందికి, అడుగు పైకి అయింది. గట్టంతా ఒకటే నవ్వు. "బావా, జెండా చేపలకి ఊపుతున్నావా?" అని ఎవరో అరిచారు. ఇంటికొచ్చి ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. మర్నాడు పాత సైకిలు ఫోర్కు ఒకటి బల్ల అడుగున బిగించాడు. ఆ బరువుకి బల్ల బుద్ధిగా నిలబడింది. మళ్లీ కాలువలో వేస్తే తిరగబడలేదు. ఈసారి మాత్రం చూడ్డానికి ఒక్కడూ రాలేదు.

తాడు బల్లకి ఒక చివర కట్టాడు. రెండో చివర ఎక్కడ కట్టుకోవాలన్నది ప్రశ్న. చేతికి కట్టుకుంటే బల్లేనికి అడ్డం. కాలికి కట్టుకుంటే ఈతకి అడ్డం. తోలు బెల్టు పెట్టుకోమంటే ఉప్పునీటికి పాడవుతుందన్నాడు. చివరికి చొక్కా ఎత్తి నేను పేనిన మొలతాడు చూపించాడు.

"ఇది ఉండగా ఇంకోటెందుకు? ఎప్పుడూ ఒంటిమీదే ఉంటుంది. మర్చిపోవడం ఉండదు. ఏనుగు లాగినా తెగదని నువ్వేగా అన్నావు?"

మా ఇద్దరికీ అది మహా తెలివైన ఆలోచనలా కనిపించింది. మా అత్తగారికి కూడా నచ్చింది. తాయెత్తు పక్కనే తాడు ఉంటే దేవుడే పట్టుకున్నట్టు ఉంటుందంది. మొలతాడుకి ఆ తాడు పీటముడి వేసి బిగించాడు.

బాపట్ల దాకా రైలు, అక్కణ్ణించి సూర్యలంక సముద్రపొడ్డుకి జట్కా. ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లడానికి లేదు. వానలకి సముద్రమంతా కృష్ణ ఒండ్రుతో ఎర్రగా ఉండేది. మాఘం వచ్చేసరికి నీళ్లు తేరుకునేవి. అప్పుడైనా పొద్దున్నే, గాలి లేవకముందే చూడాలి. మా ఆయన రొమ్ములోతు నీళ్లలో నిలబడి, అద్దం పెట్టుకుని, తలవంచి చూసేవాడు. తన కాలివేళ్లు తనకి కనపడితే లోపలికి వెళ్లేవాడు. కనపడకపోతే వెనక్కి వచ్చేసి, "వేళ్లు లేవు" అనేవాడు. మేం తెచ్చుకున్న పులిహోర తినేసి, బల్ల జట్కాలో వేసుకుని తిరిగొచ్చేవాళ్లం. అలా వేళ్లు లేక తిరిగొచ్చిన రోజులే ఎక్కువ. నాకు అవే ఇష్టమైన రోజులు.

అక్కడ ఒడ్డు పొడుగునా ఇసకే. ఇసకలో ఏ చేప నిలుస్తుంది? కానీ అలలు విరిగే చోటు దాటాక, ఏ కాలంలోనో మునిగిపోయిన సరుకు పడవ ఒకటి ఉండేది. అక్కడివాళ్లు దాన్ని ఓడముక్క అనేవాళ్లు. చెక్క సగం చివికిపోయి, ఇనుప మేకులు పైకి లేచి ఉండేవట. వల వేస్తే చిరిగిపోతుందని ఎవరూ అటు వెళ్లేవాళ్లు కాదు. ఎవరూ రారు కాబట్టి చేపలన్నీ అక్కడే. మా ఆయన మొదటిసారి పండుగప్ప చేపని పొడిచింది అక్కడే. దాన్ని బల్ల మీద వేసుకుని ఒడ్డుకొచ్చినప్పుడు ఆయన మొహం చూడాలి! పెళ్లినాడు కూడా అంత వెలగలేదు. ఆ మాట అంటే, "పెళ్లినాడు నువ్వేం పండుగప్పవి కాదుగా" అన్నాడు. అయినా ఆ పులుసు నేనే వండాను, నేనే ఎక్కువ తిన్నాను.

ఒడ్డున నాకు ఒక తోడు దొరికింది. నెత్తళ్లు, అవే చిన్న చేపలు, ఎండబెట్టుకునే ఆవిడ, నా కంటే కాస్త పెద్దది. అక్కా అనేదాన్ని. వాళ్లాయన వలలు బాగుచేస్తూ ఉండేవాడు, ఆయన్ని బావా అనేదాన్ని. మా ఆయన నీళ్లలోంచి పైకి వచ్చి ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా ఒడ్డు వైపు చెయ్యి ఊపేవాడు. నేను ఊపేదాన్ని కాదు. ఇంత భయపెడుతూ పైగా చెయ్యి ఊపడమేంటని నా ఉక్రోషం. "పాపం, ఊపరాదా" అనేది అక్క. "ఊపితే ఇంకాసేపు ఉంటాడు" అనేదాన్ని.

ఆ రోజు ఫాల్గుణం ఎండ. వేళ్లు బాగా కనపడ్డాయి. ఇంత తేటగా ఎప్పుడూ లేదని సంబరపడుతూ వెళ్లాడు. నేను అక్క పక్కన కూర్చుని నెత్తళ్లు తిరగేస్తున్నాను, కళ్లు మాత్రం జెండా మీదే. మనిషి కనపడకపోయినా జెండా కనపడుతుంది, జెండా ఉన్నచోట మనిషి ఉన్నట్టే. చాలాసేపు జెండా ఓడముక్క దగ్గరే నిలబడి ఉంది. చెయ్యి కూడా ఊపాడు. తర్వాత గాలి లేచింది. జెండా మెల్లగా కదిలి ఒడ్డు వైపు రావడం మొదలెట్టింది.

"అమ్మయ్య, ఇవాళ తొందరగా వస్తున్నాడు" అన్నాను. లేచి పులిహోర గిన్నె మూత కూడా తీశాను.

జెండా దగ్గరికొచ్చింది. బల్ల పక్కన తల లేదు. బల్ల వెనక ఉన్నాడేమో అనుకున్నాను. అల ఒకటి బల్లని పైకెత్తింది. వెనక కూడా లేడు. విరిగే అలల్లో పడి బల్ల ఎగిరెగిరి పడుతోంది, ఆ కుదుపుకి దాని బెల్లు మోగుతోంది. టింగు టింగుమని, మా షాపు ముందు ఎవడో సైకిలాపి పిలుస్తున్నట్టు. ఇప్పటికీ ఏ సైకిలు బెల్లు విన్నా చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి చూస్తాను.

చీరతోనే నడుంలోతు నీళ్లలోకి దిగిపోయాను. బల్ల పట్టుకున్నాను. క్యారేజీకి రెండు చేపలు కట్టి ఉన్నాయి. బల్లెం లేదు. తాడు వెనకాల ఈడ్చుకుంటూ వస్తోంది. అక్క కూడా దిగి, తాడు చేతుల మీదికి లాగడం మొదలెట్టింది. లాగుతోంది, లాగుతోంది, తాడు తేలిగ్గా వచ్చేస్తోంది. కొసన నేను వేసిన పేటలు, నల్లగా, తడిసి, ఆ వెండి తాయెత్తుతో సహా.

"అమ్మో! మొలతాడే!" అంది అక్క. అని నా మొహంలోకి చూసి నోరు మూసుకుంది. నోరు మూసుకోవడం ఎందుకో నాకు తెలుసు. అది తెగాల్సింది నేను పోతే. నేను బతికే ఉన్నాను, నీళ్లలో నిలబడి ఉన్నాను, అది తెగి నా చేతిలో ఉంది. "నేనున్నాగా! నేనున్నాగా అక్కా!" అని పిచ్చిదానిలా అరిచాను. ఎవరికి చెబుతున్నానో నాకే తెలీదు. పైప్రాణాలు పైనే పోయాయి.

అరుస్తూనే ఆ తాడు కొస తడిమాను. నేను పేనిన తాడు అది, చీకట్లో ఇచ్చినా గుర్తుపడతాను. పుటుక్కున తెగిన తాడైతే పేటలు ఒక్కోటి ఒక్కో పొడుగున విడిపోయి, కొస కుచ్చులా ఉండాలి. ఇది అలా లేదు. కొస మొత్తం ఒక్క చోట, కూరగాయ కోసినట్టు, తిన్నగా ఉంది. ఒకవైపు చిన్న చిన్న గాట్లు కూడా ఉన్నాయి.

"ఇది తెగలేదక్కా, కోశాడు. కత్తితో కోశాడు. కోసేటప్పుడు బతికే ఉన్నాడు!"

అక్క తాడు తీసుకుని చూసింది. గట్టు మీదికి చూసి కేకేసింది. ఇద్దరు మనుషులు పరిగెత్తుకొచ్చి ఓడముక్క వైపు తెప్ప తోశారు. "నురగ చూడు, నీళ్లు ఉత్తరంగా ఈడుస్తున్నాయి. మా ఆయన అటే వల బాగుచేస్తున్నాడు. పద చెల్లెమ్మా" అని నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

తడి చీర కాళ్లకి చుట్టుకుంటుంటే కుచ్చెళ్లు ఎగదోపుకుని పరిగెత్తాను. ఒక చేతిలో ఆ తాడుముక్క అలాగే ఉంది. అప్పుడు నేను మొక్కని దేవుడు లేడు. మొక్కుతూ మధ్యమధ్యలో ఆయన్ని తిట్టాను. కోశాడు సరే, తర్వాత? కోసి పైకి వచ్చాడా? వచ్చి ఎంతసేపు తేలగలడు? ఎంత దూరం పోయినా సముద్రం, ఇసక, సరుగుడు చెట్లు తప్ప ఏమీ కనపడదు. నా పక్కన అక్క రొప్పుతూ, "ఈతగాడమ్మా, ఈతగాడు" అని అదే మాట అంటోంది.

చాలా దూరం పోయాక తడి ఇసక మీద రెండు ఆకారాలు కనపడ్డాయి. ఒకటి బావది, తలపాగా తెలుస్తోంది. రెండోది కాస్త కుంటుతోంది. మా ఆయన నడక నాకు ఎంత దూరంలో ఉన్నా తెలుస్తుంది. చేతిలో సైకిలు లేకపోయినా, ఉన్నట్టే ఒక భుజం వంచి నడుస్తాడు. భుజం వంగి ఉంది. మెడలో ఆ లారీ ట్యూబు అద్దం వేలాడుతోంది.

ప్రాణం లేచొచ్చిందంటారే, అది ఉత్తి మాట కాదు. కాళ్లలోంచి పైకి రావడం నాకు తెలిసింది. కానీ లేచొచ్చిన ప్రాణాన్ని కాళ్లు మోయలేకపోయాయి, ఇసకలో కూలబడిపోయాను. ఆయన వచ్చి నా ముందు నిలబడ్డాడు. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నడుం పక్కన కత్తి గీత, రక్తం ఉప్పుకి ఎండిపోయి ఉంది.

"పులిహోర ఉందా?" అన్నాడు బొంగురు గొంతుతో.

అప్పుడు లేచాను. లేచి కొట్టాను. రెండు చేతులతో భుజాల మీదా, వీపు మీదా ఎక్కడ పడితే అక్కడ కొట్టాను. "బుద్ధుందా మీకు? మనిషేనా మీరు? బెల్లు పెడతారా బల్లకి? బెల్లు!" అని ఏడుస్తూ తిట్టాను. అక్క ఆపబోతే బావ వద్దన్నాడు. మా ఆయన కొట్టించుకుంటూ నిలబడి, నాకు ఊపిరాడక ఆగిపోయాక, నన్ను పట్టుకున్నాడు. నలుగురి ముందు మొగుడు నన్ను అలా పట్టుకోవడం అదే మొదలు. ఒళ్లంతా మంచులా చల్లగా ఉంది. అయినా బతికున్న మనిషి చల్లదనం వేరు. అమ్మయ్య, అమ్మయ్య అని అదే పనిగా అనుకున్నాను.

జరిగింది ఇసకలో కూర్చుని చెప్పాడు. చేపని వెంటాడుతూ ఓడముక్క చెక్కల మధ్యకి దూరాడట. తాడు వెనకాలే వచ్చి ఒక ఇనుప మేకు చుట్టూ పడింది. పైకి లేవబోతే తాడు చాలలేదు. నెత్తి మీద వెలుగు కనపడుతోంది, అందుకోలేకపోతున్నాడు. పీటముడి తడిసి రాయిలా బిగిసింది. లాగాడు, తెగదు. బల్లెం వదిలేసి పిక్కన ఉన్న కత్తి తీసి, ఆ కంగారులో చేతికి అందిన మొలతాడునే కోశాడు. తాడు మొలకి అతుక్కుపోయి ఉంది కాబట్టి ముందు తెగింది చర్మం. పైకి వచ్చేసరికి మేకు నుంచి తాడు జారిపోయి, బల్లని గాలి తీసుకుపోతోంది. నీళ్లు ఆయన్ని ఇంకోవైపు తీసుకుపోతున్నాయి. ఎదురీదకుండా, వాలుకి పడి, కొంచెం కొంచెంగా ఒడ్డుకి జరిగి బయటపడ్డాడు.

"ఏమేవ్, పేనేటప్పుడు ఒక్కరోజైనా నీకు బద్ధకం రాకూడదా?" అన్నాడు చివరికి.

అప్పుడు చూశాను. నిక్కరు పైన, ఆ కత్తి గీతకి కొంచెం పైగా, ఆకుపచ్చ నైలాను దారం ఒకటి మొలచుట్టూ కట్టి ఉంది. వల దారం. నా చేతిలో తెగిన మొలతాడు, ఆయన ఒంటిమీద కొత్తది. ఇదెక్కడిదని అడగాలనుకున్నాను. కానీ తిట్టాల్సింది ఇంకా చాలా మిగిలిపోయి ఉంది.

బల్ల, చేపలు, తాడు అన్నీ జట్కాలో వేసుకుని ఆ సాయంత్రమే తెనాలి వచ్చేశాం. మా అత్తగారికి సంగతంతా చెప్పలేదు, కాస్త చెప్పాం. ఆ కాస్తకే కొడుకుని వారం రోజులు షాపుకి కూడా పోనివ్వలేదు. ఆ ఆకుపచ్చ దారం చూసి, "ఇదేం చోద్యంరా, తీసెయ్, నల్లది కట్టుకో" అంది. ఆయన తియ్యలేదు. చివికి తెగిపోయాక మారుస్తానన్నాడు. నైలాను, అదేం చివుకుతుంది? చేపల్లో పెద్దది భాయ్ వాళ్లింటికి పంపించాం. కత్తి మీద ఒట్టేసి చెబుతున్నా, ఆ ఇంటికి మా ఇంట్లోంచి పులుసు పోని పండగ లేదు ఆ తర్వాత.

సముద్రం మానేస్తాడనుకున్నారా? నేనూ అనుకున్నాను. మానలేదు. ఈసారి తాడు కొసన చెక్కపిడి ఒకటి పెట్టి, చేత్తో పట్టుకునేలా చేశాడు. వదిలేస్తే వదిలిపోతుంది. బెల్లు మాత్రం నేనే స్క్రూలు విప్పి కాలువలో పారేశాను.

మరుసటి ఏడు మాఘంలో మళ్లీ వెళ్లాం. వేళ్లు కనపడ్డాయి. ఆయన బల్ల తోసుకుంటూ లోపలికి వెళ్లాడు. నేను అక్క పక్కన కూర్చున్నాను, కాస్త అవతల బావ వల కుడుతున్నాడు. ఆకుపచ్చ దారం. చూడగానే గుర్తొచ్చి అడిగాను.

"బావా, ఆ రోజు మా ఆయనకి ఈ దారమే కదూ కట్టారు?"

"నేనెందుకు కడతానమ్మా? ఆయనే అడిగాడు." వల పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "చెప్పలేదా నీకు? ఒడ్డుకొచ్చి పడ్డప్పుడు పాక్కుంటూ వచ్చాడు. నోరంతా ఉప్పు, మాట రావట్లేదు. కుండలో నీళ్లు ముంచి నోటి దగ్గర పెట్టాను. పక్కకి తోసేసి, మొల మీద చెయ్యేసుకుని, 'అన్నా, ముందు దారం ముక్క ఒకటి ఇయ్యి' అన్నాడు. కుడుతున్న దారమే తెంపిచ్చా. చేతులు వణికి ముడి పడలేదు, నేను పట్టుకుంటే రెండోసారికి వేసుకున్నాడు. 'ముందు నీళ్లు తాగవయ్యా బాబూ, పోయేలా ఉన్నావు' అంటే ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"'మా ఆవిడ ఒడ్డున ఉందన్నా. బోసి మొలతో దాని కళ్ల ముందుకి పోలేను' అన్నాడు. ముడి బిగిశాక తాగాడు. కుండెడు తాగాడు."

అక్క నెత్తళ్లు తిరగేయడం ఆపి నా వైపు చూసింది. నేను సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. జెండా ఓడముక్క దగ్గర నిలబడి ఉంది. కాసేపటికి పక్కన తల తేలింది, ఎప్పట్లాగే చెయ్యి పైకి లేచింది. నేను లేచి నిలబడి రెండు చేతులూ ఊపాను.